పోత బులెట్లకు సైజింగ్ ఎప్పుడు చెయ్యాలి? ముందు ఆ సీసం ఎలా చల్లారిందో చూసుకోండి

మీరు అడిగింది ఇది. శనివారం రాత్రి గరాజ్‌లో కారు చక్రాలకు వేసే పాత సీసపు వీల్ వెయిట్లు కరిగించి .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా కోసం 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువు కొలత) బులెట్లు ఒక మూడు వందలు పోశారు. అచ్చు తెరిచిన వెంటనే ఒక్కోటీ నీళ్ళ బకెట్‌లోకి వదిలారు. సైజింగ్ అంటే బులెట్‌ను డై అనే ఉక్కు రంధ్రంలోంచి తోసి, దాని కొలతకు నలపడం. వాటిని .358 అంగుళాల డైలోంచి ఇప్పుడే తోసెయ్యాలా, రెండు వారాలు గట్టిపడనిచ్చి తొయ్యాలా? షూటింగ్ రేంజ్‌లో ఒక పెద్దాయన ఆగమన్నారు, ఇంకొకాయన ఈ రాత్రికే పని ముగించమన్నారు. ఇద్దరూ ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే కాబట్టి ఎవరి మాట వినాలో తెలియడం లేదు అన్నారు.

ఈ రాత్రికే ముగించండి. నీళ్ళలో వేసినవాటి విషయంలో నా మాట అదే. అయితే ఆగమన్న పెద్దాయన తప్పు చెప్పారని కూడా నేను అనను. ఆయన తన బులెట్లను బహుశా తువ్వాలు మీదకు వదిలి, గాలికి చల్లారనిస్తారు. అలా చేసేవాళ్ళకు ఆగడంలో నష్టం లేదు, కొంత లాభం కూడా ఉంది. మీ ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే వీల్ వెయిట్ సీసం కావచ్చు, కానీ చల్లారిన తీరు వేరు కాబట్టి లోపల అది వేరే లోహం.

మన తెలుగులో తూటా అంటే మందూ క్యాపూ కలిసిన మొత్తం కార్ట్రిడ్జ్ అనే అర్థం కూడా ఉంది. నేనిక్కడ బులెట్ అన్నప్పుడల్లా దాని ముందుండే సీసపు గుండు ఒక్కటే. మందు గురించి, ఎంత వెయ్యాలన్నదాని గురించి ఇక్కడ ఏమీ చెప్పను. దానికి ప్రచురితమైన లోడింగ్ పుస్తకాలనే చూడండి.

కారణం తెలిస్తే ఈ నియమాలేవీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. చక్రం అంచుకు క్లిప్పుతో బిగించే రకం వీల్ వెయిట్లలో సుమారు 3 శాతం ఆంటిమొనీ, అర శాతం అటూ ఇటూగా తగరం, చిటికెడు ఆర్సెనిక్ ఉంటాయి. మిగతాదంతా సీసం. వేడిగా ఉన్న సీసం ఆంటిమొనీని బాగానే తనలో ఇముడ్చుకుంటుంది. 252 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు మూడున్నర శాతం దాకా పడుతుంది. గది వేడికి వచ్చేసరికి అర శాతం కూడా పట్టదు. చక్కెర పాకం సంగతి తెలుసు కదా, వేడి మీద కరిగినదంతా చల్లారాక కరిగి ఉండలేదు, పలుకులు కడుతుంది. నెమ్మదిగా చల్లారితే పెద్ద పలుకులు కడుతుంది. సీసంలో ఆంటిమొనీదీ అదే వరస. గాలికి నెమ్మదిగా చల్లారితే చాలావరకు ముద్దలు ముద్దలుగా విడిపోతుంది, దాని వల్ల వచ్చే గట్టిదనం కొంతే. నీళ్ళలో పడగానే మాత్రం విడిపోయే వ్యవధి దొరకక లోపలే ఇరుక్కుపోతుంది. తర్వాత గంటలు, రోజులు గడిచేకొద్దీ కంటికి కనిపించనంత సన్నటి రేణువులుగా లోహమంతటా పేరుకుంటుంది. సీసం పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా అడ్డుపడేవి ఆ రేణువులే. బులెట్ గట్టిపడిందంటే అర్థం అదే. ఆర్సెనిక్ ఆ పనిని బాగా త్వరపెడుతుంది. వీల్ వెయిట్ సీసం నీళ్ళకు అంత బాగా లొంగడానికి కారణం ఆ చిటికెడే.

ఇలా లోహం ఊరికే పడి ఉండి గట్టిపడుతుందని మొదట గమనించింది సీసంలో కాదు, అల్యూమినియంలో. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే లోహ శాస్త్రవేత్త రాగి, మెగ్నీషియం కలిసిన అల్యూమినియం ముక్కలను వేడిచేసి నీళ్ళలో ముంచాడు. వారాంతం గడిచాక కొలిస్తే అవి ముందుకంటే గట్టిగా ఉన్నాయి. తర్వాత విమానాలకు వాడిన డ్యూరాల్యూమిన్ అక్కడి నుంచే వచ్చింది. మీ బకెట్‌లో శనివారం రాత్రి మొదలైంది కూడా అదే జాతి పని.

ఇప్పుడు సైజింగ్ దగ్గరికి వద్దాం. మన ఊళ్ళలో కంచరివాళ్ళు ఇత్తడి బిందె కొట్టడం చూసే ఉంటారు. సుత్తి దెబ్బలు పడేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. ఇక కొడితే పగులుతుందనిపించగానే మళ్ళీ కొలిమిలో కాల్చి మెత్తబరిచి, ఆ తర్వాత కొడతారు. ఇత్తడి, రాగి, ఇనుము అన్నీ నలిపితే గట్టిపడేవే. అందుకే సీసం కూడా డైలోంచి నలిగి వస్తే ఇంకా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. సీసం అందుకు సరిగ్గా తిరుగు. దానికి మన గది వేడే కొలిమి వేడితో సమానం. నలిగిన చోట నలిగినట్టే సీసం కొత్త స్ఫటికాలు కట్టుకుని మళ్ళీ మెత్తబడుతుంది. ఆంటిమొనీ సన్నగా పేరుకుని సంపాదించిన అమరిక కూడా ఆ నలగడంలో చెదిరిపోతుంది. అంటే రెండు వారాలు ఓపిక పట్టి గట్టిపరిచిన బులెట్‌ను డైలోంచి తోశామంటే, డై తాకిన పై పొర గట్టిదనం చాలావరకు పోయినట్టే. పోయేది కూడా ఎక్కడంటే, బారెల్ గాడులు వచ్చి పట్టుకునే పట్టీల మీదే. లోపల గట్టిగా ఉండి, గాడి కరిచే చోట మెత్తగా ఉన్న బులెట్ మిగులుతుంది.

పోసిన రోజే సైజ్ చేస్తే ఈ గొడవ లేదు. అప్పటికి అమరిక ఇంకా పూర్తిగా ఏర్పడలేదు, చెదిరేది తక్కువ. గట్టిపడటంలో ఎక్కువ భాగం సైజింగ్ తర్వాతే జరుగుతుంది. నా అలవాటు ఏమిటంటే, పోత ఆపగానే బకెట్ వంచి, బులెట్లను పాత దుప్పటి మీద ఆరబెట్టి, ఒక గంటలో డై దగ్గర కూర్చుంటాను. అన్నం తినే పనుంటే చేతులు శుభ్రంగా కడుక్కుని తిని వచ్చి కూర్చుంటాను. అదే రాత్రి కుదరకపోతే మర్నాడు పొద్దున. ఇరవైనాలుగు గంటలు దాటకూడదన్నది నేను పెట్టుకున్న గడువు. గట్టిదనం మొదటి రోజుల్లో వేగంగా ఎక్కుతుంది, తర్వాత నెమ్మదిగా ఒకటి రెండు వారాల దాకా ఎక్కుతూ పోతుంది. మీరు ఆదివారం పొద్దున ప్రశ్న రాశారు కాబట్టి ఈ రాత్రి అంటే ఇంకా గడువులోనే ఉన్నారు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. టెక్సస్ వచ్చి ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు .357 మాగ్నమ్ కోసం ఆరేడు వందలు పోసి నీళ్ళలో వేశాను. ఆఫీసు పని మీద పడి డబ్బా అలాగే అల్మరాలో ఉండిపోయింది. నెలా పదిహేను రోజుల తర్వాత తీసి సైజ్ చేశాను. అప్పుడే గమనించాల్సింది, ప్రెస్ పిడి ఎప్పుడూ లేనంత బరువుగా వచ్చింది. రేంజ్‌లో ముప్పై రౌండ్లు అయ్యేసరికి గురి చెదిరింది. ఇంటికొచ్చి బారెల్‌లోకి చూస్తే గాడుల అంచుల వెంట సీసం పూతలా అతుక్కుని ఉంది. దాన్ని గీకి తీయడానికి ఒక సాయంత్రం పట్టింది. తర్వాత లీ కంపెనీ హార్డ్‌నెస్ టెస్టర్ కొని, అదే డబ్బాలో సైజ్ చెయ్యకుండా మిగిలిపోయిన బులెట్లనూ సైజ్ చేసినవాటినీ పక్కపక్కన పెట్టి కొలిచాను. 5/32 అంగుళం గుండును 60 పౌండ్ల బరువుతో 30 సెకన్లు అదిమి, పడిన గుంట వెడల్పును చిన్న మైక్రోస్కోప్‌లో చూస్తారు దాంట్లో. సైజ్ చేసినవాటి పక్క మీద గుంట స్పష్టంగా వెడల్పుగా పడింది. ఆ రోజు నుంచి డబ్బా మూత మీద పోసిన తేదీ, చల్లార్చిన తీరు, సైజ్ చేసిన తేదీ మార్కర్‌తో రాయకుండా ఏదీ అల్మరాలోకి పోదు మా ఇంట్లో. ఆవకాయ జాడీ మీద మా అమ్మ తేదీ రాసిన చీటీ అంటించేది, అలాగన్నమాట.

గాలికి చల్లార్చినవాటి సంగతి వేరు. అదే వీల్ వెయిట్ సీసం గాలికి చల్లారితే మొదట, గట్టిదనాన్ని చెప్పే బ్రినెల్ కొలతలో 9 దగ్గర ఉండి, రెండు మూడు వారాల్లో 11, 12కు చేరుతుంది. నీళ్ళలో పడ్డది 18 దాటుతుంది. పోగొట్టుకునేది తక్కువ కాబట్టి గాలికి చల్లారినవాటిని ఎప్పుడు సైజ్ చేసినా తుపాకీకి తేడా తెలియదు. పైగా పోసిన గంటలో ఇవి మరీ మెత్తగా ఉంటాయి. ల్యూబ్-సైజర్ (బులెట్‌కు ల్యూబ్, అంటే జిడ్డు, ఎక్కిస్తూనే సైజ్ చేసే యంత్రం) పిడి గట్టిగా లాగితే ముక్కు చదునవుతుంది, ముక్కును నొక్కే పై పంచ్ ఆకారం ముక్కుకు సరిగ్గా సరిపోకపోతే వంకర పోతుంది. ఒకటి రెండు రోజులు ఆగితే చేతికి నమ్మకంగా ఉంటుంది. మీకు ఆగమని చెప్పిన పెద్దాయన మనసులో ఉన్నది ఇదే అయ్యుంటుంది. మరీ శుద్ధమైన సీసానికి, అంటే చక్రానికి అంటించే రకం వెయిట్లు, ఇంటి కప్పు సందుల్లో వేసే సీసపు రేకు లాంటివాటికి, ఎంత నీళ్ళలో ముంచినా గట్టిపడే గుణం లేదు. ఆంటిమొనీ ఉంటేనే కదా గట్టిపడటానికి. సీసంలో ఒక్క తగరమే కలిపి, ఇరవైకి ఒకటి, ముప్పైకి ఒకటి పాళ్ళలో పోసేవాళ్ళకూ అంతే. తగరం అంటే గిన్నెలకు కళాయి పూసేదే. అది అచ్చు మూలలన్నీ చక్కగా నింపుతుంది కానీ కాలంతో పాటు గట్టిపడే గుణాన్ని ఇవ్వదు. ఆ బులెట్లను ఇవాళ సైజ్ చేసినా వచ్చే ఏడు చేసినా ఒకటే.

అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది, మీరు అడగలేదు గానీ. .38 స్పెషల్‌కు నీళ్ళ బకెట్ ఎందుకు? పాత లెక్క ఒకటి ఉంది. బ్రినెల్ సంఖ్యను 1422తో గుణిస్తే, ఆ సీసం నలగకుండా ఓర్చుకునే ఒత్తిడి చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని సుమారుగా తెలుస్తుంది. అమెరికాలో తయారీదారుల సంస్థ సామీ .38 స్పెషల్‌కు పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 17,000 పౌండ్లు. భాగించి చూడండి, 12 వస్తుంది. గాలికి చల్లారి మూడు వారాలు ఊరిన వీల్ వెయిట్ సీసం సరిగ్గా అక్కడే ఉంటుంది. దీన్ని గీత గీసిన చట్టంలా తీసుకోవద్దు, దారి చూపే లెక్క అంతే. .357 మాగ్నమ్‌కు గరిష్ఠం 35,000. అక్కడ గట్టిదనానికి అర్థముంది. మీ తుపాకీకి మాత్రం గట్టి బులెట్ కంటే సరైన కొలత గల బులెట్ పదింతలు ముఖ్యం. మరీ గట్టిగా ఉండి కొలత తక్కువైతే ఇంకా చెడ్డది. మెత్తటిది ఒత్తిడికి కాస్త విచ్చుకుని బారెల్ గోడలను మూసేస్తుంది. గట్టిది విచ్చుకోదు. పక్క సందులోంచి వేడి వాయువు దూసుకుపోతూ సీసాన్ని కోసి గోడకు అతికిస్తుంది. బారెల్‌లో సీసం పట్టిందని బాధపడేవాళ్ళలో ఎక్కువమంది గట్టిదనం పెంచుకుంటూ పోతారు, కొలత చూసుకోరు.

అందుకని .358 డై కొనేశాను కాబట్టి .358 అనుకోకండి. రివాల్వర్లో బులెట్ ముందు సిలిండర్ గొంతు (తూటా కూర్చునే గది ముందు భాగం) దాటి, ఆ తర్వాతే బారెల్‌లోకి దిగుతుంది. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, సిలిండర్ బయటికి తీసి, సైజ్ చేసిన బులెట్‌ను ముందు వైపు నుంచి ఒక్కో గొంతులోకి వేలితో నొక్కండి. కొంచెం బిగుతుగా జారితే సరిపోయింది. గలగలా పడిపోతే సన్నం. ఆరు గొంతుల్లో ఏ ఒక్కదాంట్లోనూ వేలి బలానికి దిగకపోతే లావు. బారెల్ గాడి కొలత .357 ఉంటే బులెట్ .358 ఉండాలన్నది మామూలు మాట, కానీ గొంతులు అంతకంటే వెడల్పుగా ఉన్న తుపాకులు నా చేతిలోకి వచ్చాయి. వాటికి .359 డై కావాల్సి వచ్చింది. మైక్రోమీటర్ కొనండి. డయల్ కాలిపర్‌తో ఒక థౌ కొలత నమ్మలేం. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. బాలానగర్ లేత్ షాపుల్లో పనిచేసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు.

కొలత విషయంలో కూడా సమయం చిన్న ఆట ఆడుతుంది. గట్టిపడిన బులెట్ డైలోంచి బయటికి రాగానే కొంచెం తిరిగి ఉబ్బుతుంది, మెత్తటిది అంతగా ఉబ్బదు. అందుకే ఒకే డైలోంచి పోసిన రాత్రి తీసినది, నెల తర్వాత తీసినది అర థౌ తేడాగా ఉండొచ్చు. ఆంటిమొనీ ఎక్కువున్న లోహం, ముఖ్యంగా పాత ముద్రణ ప్రెస్సుల లైనోటైప్ సీసం, పడి ఉన్న కొద్దీ తనంతట తాను కూడా కొద్దిగా లావెక్కుతుంది. లైనోటైప్‌లో ఆంటిమొనీ 12 శాతం దాకా, తగరం 4 శాతం దాకా ఉంటుంది. కాబట్టి సైజ్ చేసిన రోజు కొలిచి వదిలెయ్యకుండా, లోడ్ చేసే ముందు డబ్బాలోంచి ఒక అయిదారు తీసి మళ్ళీ కొలవండి. నా మిత్రుడొకడు రైఫిల్‌కు లైనోటైప్‌తో పోసి పక్కన పెట్టిన బులెట్లు మూడు నెలల తర్వాత చాంబర్లో సరిగ్గా కూర్చోలేదు. ఆ కొలత ముందే చూసుకుని ఉంటే అంత కష్టం పడేవాడు కాదు.

మీ అచ్చు నుంచి వచ్చేవి ఎంత ఉన్నాయో కూడా చూడండి. .359, .360 ఉంటే .358కి తేవడం ఇబ్బంది కాదు. మూడు థౌలకు మించి నలపాల్సి వస్తే సమయం ఏదైనా సరే బులెట్ పాడవుతుంది, అడుగు అంచు సాగి రెక్కలు తేలుతుంది. అప్పుడు మార్చాల్సింది అచ్చును. ఇంకో మాట: అచ్చు నుంచి రాగానే మీ తుపాకీకి సరిపోయే కొలతలో ఉంటే సైజింగ్ అసలు అక్కర్లేదు. చేత్తో ల్యూబ్ రాసి వాడుకోవచ్చు. అలా వాడే మంచి షూటర్లు చాలామంది ఉన్నారు.

ఒవెన్‌లో గట్టిపరిచేవాళ్ళు వరస తిప్పుకోవాలి. ముందు సైజ్ చెయ్యాలి. గ్యాస్ చెక్, అంటే అడుగున తొడిగే రాగి టోపీ ఉంటే, అది కూడా అప్పుడే బిగించాలి. తర్వాత 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట ఉంచి ఒక్కసారిగా నీళ్ళలోకి దించాలి. ఒవెన్ ముల్లును నమ్మకుండా విడిగా థర్మామీటర్ పెట్టాలి, ఇరవై డిగ్రీలు ఎక్కువైతే బులెట్లు కూలబడతాయి. ల్యూబ్ ఆ తర్వాతే. ల్యూబ్-సైజర్ వాడేట్టయితే సైజ్ చేసిన డై కంటే ఒక థౌ పెద్ద డై పెట్టుకుని ల్యూబ్ మాత్రం ఎక్కించాలి, లోహం నలగకూడదు. పౌడర్ కోటింగ్ చేసేవాళ్ళకు లెక్క మళ్ళీ మారుతుంది. పొర వల్ల ఒకటి రెండు థౌలు పెరుగుతాయి కాబట్టి సైజింగ్ పొర వేసి కాల్చాకే చెయ్యాలి. 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాల కాల్పులో, ముందు బకెట్‌లో సంపాదించిన గట్టిదనం చాలావరకు పోతుంది. కాబట్టి కోటింగ్ ఉద్దేశం ఉంటే నీళ్ళ బకెట్ శ్రమ అనవసరం. ఏ రకంగా చేసినా ఆ ఒవెన్‌లో ఇక జన్మలో తిండి వండకూడదు.

లీ వాళ్ళ తోసే రకం డై అయితే, గట్టి పొడి బులెట్ కంటే పలచగా లిక్విడ్ అలాక్స్ అనే ల్యూబ్ రాసినది చాలా తేలిగ్గా జారుతుంది. సైజ్ చేశాక ఇంకో పలచటి పూత వేసుకోవచ్చు. పొడిగా తోస్తే డై గోడకు సీసం అంటుకుని, తర్వాత వచ్చే ప్రతి బులెట్ మీదా గీత పడుతుంది.

బకెట్ గురించి హెచ్చరిక. కరిగిన సీసం ఉపరితలం కిందికి ఒక్క నీటి చుక్క పోయినా అది క్షణంలో ఆవిరై సీసాన్ని పైకి చిమ్ముతుంది. మీరు అచ్చును బకెట్ మీద తెరిచి మళ్ళీ కుండ మీదికి తెస్తున్నారు కదా, ఆ దారిలో అచ్చు కింద వేలాడే చుక్క చాలు. బకెట్ నేల మీద, కుండకు ఒక గజం అవతల ఉండాలి. పైన గుడ్డ కట్టి, మధ్యలో రంధ్రం పెడితే నీళ్ళు చింది రావు. ముఖానికి షీల్డు, తోలు గ్లోవ్స్, మూసిన బూట్లు లేకుండా కూర్చోవద్దు. నా కుడి మణికట్టు మీద బొట్టు బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది. పోత వేడిలో సీసం ఆవిరి కాదు, 1749 డిగ్రీలకు గానీ మరగదు. ప్రమాదం తెట్టు తీసినప్పుడు లేచే బూడిదలో ఉంటుంది, చేతుల్లో ఉంటుంది, బట్టలకు ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లల రక్తంలో సీసానికి చూసుకోవాల్సిన గీతను 2021లో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు దించింది. అంత తక్కువ అది. మీ గరాజ్‌లోనే బట్టలుతికే మిషన్ ఉంటే పోత వేరే చోట పెట్టండి. ఇంట్లో చంటిపిల్లలో, కడుపుతో ఉన్నవాళ్ళో ఉంటే ఈ అభిరుచిని ఒకటి రెండేళ్ళు పక్కన పెట్టడమే నా సలహా. మేమూ మా అమ్మాయి పుట్టినప్పుడు రెండేళ్ళు మానేశాం.

వీల్ వెయిట్లు కరిగించేటప్పుడు ఇనుమువీ జింకువీ ఏరి పారెయ్యండి. ఇనుమును అయస్కాంతం పట్టేస్తుంది. జింకు 419 డిగ్రీలకు గానీ కరగదు, సీసం 327కే కరుగుతుంది. మంట అదుపులో ఉంటే జింకు ముక్కలు పైన తేలుతాయి, గరిటెతో తీసెయ్యొచ్చు. ఒకసారి కలిసిందంటే ఆ కుండ మొత్తం అచ్చులో గడ్డలు గడ్డలుగా పడుతుంది.

ఇది చదివే మనవాళ్ళలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఇంకోటి తప్పక చెప్పాలి. ఇక్కడి ఫెడరల్ చట్టంలో నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ ఆమ్యునిషన్ గానీ ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం వాటిలో ఒకటి. ఆమ్యునిషన్ అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో మందు, క్యాపులు, ఖాళీ కేసులతో పాటు బులెట్ కూడా ఉంది. అంటే గ్రీన్ కార్డు రాని వ్యక్తి సరదాగా పోసి పెట్టుకున్న సీసపు గుండ్లు కూడా లెక్కలోకి వస్తాయి. మీ పరిస్థితి ఏమిటో లాయర్ని అడిగి తెలుసుకోండి. సొంత వాడకానికి పోసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కానీ, పోసి అమ్మడం మొదలుపెడితే తయారీ లైసెన్సు కావాలి. ఇండియా నుంచి చదువుతున్నవాళ్ళకు: అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆమ్యునిషన్ తయారీ నేరం. చదివి ఊరుకోండి, చెయ్యకండి.

ఇక మీ మూడు వందల బులెట్లు. ఈ రాత్రి రెండు వందల డెబ్భై సైజ్ చెయ్యండి. ముప్పై మాత్రం అలాగే వదిలి, వేరే డబ్బాలో తేదీ రాసి పెట్టండి. ఆ ముప్పైని నెల గడిచాక అదే డైలోంచి తొయ్యండి, పిడి ఎంత బరువెక్కిందో చేతికే తెలుస్తుంది. రెండు రకాల నుంచీ అయిదేసి మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకోండి. ఆ తర్వాత బారెల్ శుభ్రంగా తుడిచి, ఒకే లోడ్‌తో ముందు ఈ రాత్రి సైజ్ చేసినవి ముప్పై, మళ్ళీ తుడిచి నెల తర్వాత సైజ్ చేసినవి ముప్పై కాల్చండి. ప్రతిసారీ టార్చి వేసి బారెల్‌లోకి చూడండి. సిలిండర్ వైపు మొదటి అంగుళంలోనే సీసం పట్టి ఉంటే కొలత చాలలేదు, వాయువు పక్కనుంచి పోతోంది. మూతి దగ్గర పట్టి ఉంటే ల్యూబ్ దారి మధ్యలో అయిపోయింది. ఏది ఎక్కడ పట్టిందో ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, గొంతుల కొలతలు కూడా రాయండి. .358 డై ఉంచుకోవాలా, .359 కొనాలా అన్నది అవి చూశాకే చెప్పగలను.